మన ఇంటి బండి: సెల్ఫ్ ఒక్కోసారి ఎందుకు తీసుకోదు?

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరం హోసూరు నుంచి ఒక సోదరి రాసినది.

"మాది ఎనిమిదేళ్ళ నాటి పెట్రోలు కారు. చేత్తో గేర్లు మార్చే రకం. వారానికి రెండుసార్లు మా అత్తగారిని డయాలిసిస్‌కు తీసుకువెళ్ళాలి. రెండు నెలలుగా బండి ఒక్కోసారి సెల్ఫ్ తీసుకోవడం లేదు. తాళం తిప్పితే లోపల 'టక్' మంటుంది, అంతే. నాలుగైదుసార్లు తిప్పాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్కుకు చూపించిన రోజున మాత్రం బుద్ధిగా మొదటిసారికే తీసుకుంటుంది. కొత్త బ్యాటరీ వేయించినా తేడా లేదు. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటారా?"

అమ్మా, ఇప్పుడే వద్దు. ముందు పరీక్ష, తరువాతే ఖర్చు. అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బును అది ఉన్న క్షణంలోనే పట్టుకోవాలి. బండి బాగా నడుస్తున్నప్పుడు ఏ భాగం మార్చినా అది ఊహే తప్ప వైద్యం కాదు.

తాళం తిప్పినప్పుడు జరిగేదేమిటో తెలిస్తే సగం భయం పోతుంది. సెల్ఫ్ మోటారుకు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా కరెంటు కావాలి. అంత కరెంటు తాళం గుండా పోలేదు. అందుకని తాళం నుంచి చిన్న కరెంటు సోలినాయిడ్ అనే భాగానికి వెళుతుంది. అది లోపలి పెద్ద కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడు బ్యాటరీ నుంచి లావుపాటి వైరు ద్వారా మోటారుకు కరెంటు పారుతుంది. చిన్న తాడు లాగి పెద్ద కాలువ తూము ఎత్తినట్టన్నమాట. మీరు విన్న 'టక్' ఇంజను దగ్గర బరువుగా వినిపిస్తే, తాడు లాగడం దాదాపుగా అయినట్టే. నీళ్ళు మాత్రం పారలేదు.

ఈసారి బండి మొరాయించగానే హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ తాళం తిప్పండి.

లైట్లు బాగా మసకబారినా, ఆరిపోయినా బ్యాటరీ నీరసంగా ఉండవచ్చు, లేదా దాని టెర్మినళ్ళు వదులై ఉండవచ్చు. కొత్త బ్యాటరీ వేసినప్పుడు క్లాంపు సరిగా బిగించకపోయినా ఇదే జరుగుతుంది. మోటారు బిగుసుకుపోయినా లైట్లు మసకబారుతాయి.

లైట్లు వెలుగుతూనే ఉండి 'టక్' మని ఆగిపోతే అనుమానం మూడింటి మీద: ఇంజనుకూ బ్యాటరీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు, సోలినాయిడ్ కాంటాక్టులు, మోటారులో అరిగిన బ్రష్షులు.

లైట్లు బాగుండి అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి, రిలే, క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చి చూడాలి. కొన్ని బండ్లు క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తీసుకుంటాయి. ఆటోమేటిక్ గేరు బండ్లలో లివరును న్యూట్రల్‌లోకి మార్చి ప్రయత్నించండి. తాళం బొమ్మ ఉన్న దీపం డ్యాష్‌బోర్డులో మెరుస్తూ ఉంటే రెండో తాళంతో చూడండి.

మీ బండిది రెండో రకమైతే మొదట చూడవలసింది ఎర్త్ వైరు. దానికయ్యే ఖర్చు మోటారు ఖర్చులో చిన్న పాలు. మెకానిక్కును మల్టీమీటరుతో ఇలా చూడమనండి. ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా దిగకూడదు. ఇక మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టుల లోపు చూపితే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఆ వైరునూ, అది బిగించిన చోటునూ శుభ్రం చేయాలి, లేదా వైరు మార్చాలి.

బండి మొరాయించిన క్షణంలోనే మోటారు పెద్ద టెర్మినల్‌కూ, సోలినాయిడ్ చిన్న వైరుకూ వోల్టులు సరిగా వస్తూ, ఎర్త్ కూడా బాగుండి, మోటారు తిరగకపోతే అప్పుడు లోపం మోటారుదే. అప్పుడైనా బ్రష్షులు, సోలినాయిడ్ మాత్రం మార్చితే సరిపోతుందేమో అడగండి.

మెకానిక్కు ముందు బండి బుద్ధిమంతురాలవుతుందన్నారు కదా! ఒక చిన్న పుస్తకం బండిలో పెట్టుకోండి. మొరాయించిన ప్రతిసారీ నాలుగు మాటలు రాయండి: ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, లైట్లు ఎలా ఉన్నాయి, చప్పుడు ఏమిటి, ఎన్నోసారికి తీసుకుంది. వీలైతే ఫోనులో వీడియో తీయండి. హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా 'సెల్ఫ్' అంటే మెకానిక్కుకు అర్థమవుతుంది. కానీ 'స్టార్టు కావడం లేదు' అని మాత్రం అనకండి. ఇంజను తిరిగి అందుకోకపోవడం వేరు, అసలు తిరగకపోవడం వేరు.

కొన్ని జాగ్రత్తలు. సెల్ఫ్ ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. స్క్రూడ్రైవరుతో టెర్మినళ్ళు కలిపే సాహసం ఎవరినీ చేయనివ్వకండి. గేరులో ఉంటే బండి మనిషి మీదికి దూకుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. సముద్రపు గాలి తగిలే యానాం, చెన్నై, ముంబయి వంటి చోట్ల ఉన్నవారు టెర్మినళ్ళ మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుందేమో తరచు చూసుకోవాలి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి తుడిచి, ఆరాక వాసెలీన్ రాయండి.

లోపం దొరికేదాకా డయాలిసిస్ రోజున అరగంట ముందే బండి స్టార్టు చేసి చూడండి. నమ్మకమైన ఆటోవాలా నంబరు దగ్గర ఉంచుకోండి. అత్తగారి వైద్యాన్ని మాత్రం బండి దయకు వదలకండి.

పరీక్షలో ఏమి తేలిందో మాకు రాయండి. ఇలాంటి బాధలో ఉన్న మరికొందరికి మీ ఉత్తరం ఉపయోగపడుతుంది.