బావ కారుకి స్టాల్ ఎంత?

పోయినసారి ఇక్కడ ఆటోమేటిక్ గేర్ల గురించి రాశాక వచ్చిన ప్రశ్నల్లో ముప్పావు వంతు "ఏ బండి కొనమంటారండీ?" అనేవే. ఒక్కటి మాత్రం వేరే రకం. డల్లాస్ నుంచి, మా పిన్ని కూతురి మొగుడు అడిగింది. "ఏరా బావమరిదీ, మస్టాంగ్‌కి హై స్టాల్ కన్వర్టర్ వేయిద్దామనుకుంటున్నా. నాలుగు వేలది వేయించనా?"

పాలకొల్లులో లూనా మీద తిరిగిన మనిషి. ఇప్పుడు 2016 మస్టాంగ్ జీటీ, 5 లీటర్ల వీ8, 435 హార్స్ పవర్, ఆరు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌దే అయినా రోజూ ఆఫీసుకి అదే.

మన గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న పుట్టదు. ఇక్కడ కారుకి మార్పులంటే సీటు కవర్లు, హారను, మహా అయితే అల్లాయ్ వీల్స్. కానీ ఈ సంగతి తెలిస్తే మీ ఇంటి ఆటోమేటిక్ ఎందుకలా నడుస్తుందో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే.

గేర్లు మార్చే బండిలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఆ చోట నూనె ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి స్విచ్ వేస్తే రెండోది కూడా తిరుగుతుంది చూడండి, అలా. ఇంజన్ తిప్పేది ఇంపెల్లర్, నూనె తోపుకి తిరిగేది టర్బైన్. మధ్యలో స్టేటర్ అని ఇంకో చక్రం. టర్బైన్ నుంచి తిరిగొచ్చే నూనెని సరైన దిశకి మళ్ళించడం దాని పని. దానివల్లే బండి కదిలే క్షణంలో టార్క్ దాదాపు రెట్టింపవుతుంది. దీన్ని 1905లో పేటెంటు చేసిన జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ కార్ల కోసం కనిపెట్టలేదు. ఆయన ఓడల మనిషి. ఆవిరి టర్బైన్ మహా జోరుగా తిరుగుతుంది, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి, ఆ రెండిటికీ పొత్తు కుదర్చడానికి పుట్టిందిది.

ఇక స్టాల్. బ్రేకు నొక్కిపట్టి, గేరు డ్రైవ్‌లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దాకా లేచి అక్కడ ఆగిపోతుందో అది స్టాల్ స్పీడు. ఇంజను ఆగిపోవడం అని కాదు. (దయచేసి ఇంటి దగ్గర చేసి చూడకండి. ఆ కొద్ది సెకన్లూ ఇంజను శక్తి అంతా నూనెని కాచడానికే పోతుంది.)

ఎక్కువ స్టాల్ ఎందుకు కావాలి? వరి బస్తాల లోడుతో గట్టు ఎక్కించే ట్రాక్టర్ డ్రైవర్ని చూడండి. ముందు రేస్ చేసి, తర్వాత హాఫ్ క్లచ్ వదుల్తాడు. ఇంజను బలం అందుకునే చోటికి వెళ్ళాకే లోడు మీద పెడతాడు. హై స్టాల్ చేసేదీ అదే. బావ మస్టాంగ్‌కి గరిష్ఠ టార్క్ వచ్చేది 4,250 ఆర్‌పీఎం దగ్గర, కాబట్టి ఆయన ఆశలో అర్థం ఉంది. అదే మన క్రెటా డీజిల్ చూడండి. 250 న్యూటన్ మీటర్లు 1,500 నుంచే మొదలై 2,750 దాకా ఉంటాయి. దానికి నాలుగు వేల స్టాల్ వేస్తే బలం అయిపోయాక బండి కదులుతుంది.

అసలు తిరకాసు ఇక్కడ. డబ్బా మీద రాసే 3,000, 4,000 అనే అంకె కన్వర్టర్ ఒక్కదానిది కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు "నా మెషీన్ మీద బాగానే నడుస్తోందే" అంటారు చూశారా, ఇదీ అంతే. ఎవరి ఇంజను మీద? ఇంజను టార్క్ నాలుగు రెట్లయితే అదే కన్వర్టర్ స్టాల్ రెండు రెట్లవుతుంది, అంటే వర్గమూలం లెక్క. ఒక ఇంజను వెనక 3,000 చూపించింది, టార్క్ పాతిక శాతం తక్కువున్న ఇంజను వెనక 2,600 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి స్నేహితుడి కారుకి బావుందని అదే నంబరు ఆర్డరిస్తే కుదరదు. తయారుచేసేవాడికి ఇంజను, కారు బరువు, వెనక యాక్సిల్ రేషియో, టైరు సైజు చెప్పాలి. ఇవేవీ అడక్కుండా "పంపించేస్తాం సార్" అనేవాడి దగ్గర కొనకపోవడమే మేలు.

రెండోది వేడి. బావ హైవే మీద ఒకే వేగంతో వెళ్తున్నాడనుకోండి. చక్రాలకి ఓ 20 హార్స్ పవర్ చాలు, అంటే 15 కిలోవాట్లు. కన్వర్టర్ అందులో 20 శాతం జారితే 3 కిలోవాట్లు నూనెలో వేడైపోతాయి. మన బాత్రూం గీజరు 2 కిలోవాట్లే! డల్లాస్ ఎండాకాలం మన రాజమండ్రికి తీసిపోదు, ఆ ఎండలో గేర్‌బాక్స్ కింద గీజరు పెట్టుకుని తిరగడమన్నమాట. అందుకే లాకప్ క్లచ్ తప్పనిసరి. వేగం అందుకున్నాక ఇంపెల్లర్నీ టర్బైన్నీ బిగించేసి జారకుండా చేసేది అదే. రేసు కోసం చేసే కొన్నిటిలో అది ఉండదు. ఆఫీసుకి వెళ్ళే కారుకి అలాంటిది వద్దే వద్దు. లాకప్ ఉన్నా ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్ళేటప్పుడు అది పడదు కాబట్టి విడిగా ఆయిల్ కూలర్, టెంపరేచర్ మీటరు పెట్టించాలి. గేర్లు, లాకప్ ఎప్పుడు పడాలో కంప్యూటర్లో మళ్ళీ ట్యూన్ చేయించాలి. కన్వర్టర్ ధర మాత్రమే చూసి బడ్జెట్ వేసుకున్న బావకి ఈ మాట నచ్చలేదు.

మూడోది మా అక్క. వారంలో రెండ్రోజులు పాపని స్కూల్లో దింపేది ఆ కారులోనే. సఖినేటిపల్లిలో పంటు ఎక్కించేటప్పుడు కారు బెత్తెడు బెత్తెడు కదలాలి కదా, స్కూలు క్యూలో కూడా అంతే. లూజుగా ఉన్న కన్వర్టర్‌తో బ్రేకు వదిలితే బండి బద్ధకంగా ఉంటుంది. ఇంకాస్త తొక్కాలి, తొక్కితే ఇంజను ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. మంచి పనివాడు చేసిన కన్వర్టర్ సగం తొక్కుడులో బిగువుగా, పూర్తి తొక్కుడులో వదులుగా ఉంటుంది నిజమే. అయినా నాలుగు వేలలో ఆ బిగువు ఎంత మిగులుతుంది?

నేను బావకి చెప్పింది వేరే దారి. ఆ కారుకి కంపెనీ ఇచ్చిన యాక్సిల్ రేషియో 3.15. దాన్ని 3.55 చేయిస్తే అన్ని గేర్లలోనూ చక్రాలకి 12 శాతం పైనే టార్క్ పెరుగుతుంది. హైవే మీద ఇంజను కూడా అంతే ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. కానీ జారుడు లేదు, గీజరు లేదు. దాంతో తీరకపోతే అప్పుడు 2,800 ప్రాంతంలో, లాకప్ ఉన్న కన్వర్టర్.

"అంత తక్కువా? ఆ మాత్రానికి వేయించడం ఎందుకురా?" అన్నాడు. సరే, ఒక పరీక్ష పెట్టుకోమన్నాను. అక్కడే ఇంకో తెలుగాయనకి 3,500 స్టాల్ వేసిన మస్టాంగ్ ఉంది. బావ కాదు, అక్క నడపాలి. స్కూలు దాకా, తర్వాత హైవే ఎక్కే ర్యాంపు మీద.

అక్క ర్యాంపు మీద బాగా నవ్విందట. "బలే ఉంది తమ్ముడూ, వెన్ను సీటుకి అతుక్కుపోయింది" అంది ఫోన్లో. స్కూలు క్యూలో మాత్రం ముందున్న బండి బంపరు రెండుసార్లు దగ్గరికొచ్చిందట. తర్వాత నన్నడిగింది, "ఇది వేయిస్తే నాకు వేరే కారు కొనాలి, ఆ లెక్క మీ బావ వేశాడా?"

ప్రస్తుతానికి 3.55 గేర్లకి ఆర్డర్ వెళ్ళింది.