మనలో మాట: మద్దెల మార్చవలసి వచ్చినప్పుడు

ఈ నెల కూరగాయల ధరల గురించి గాని, పిల్లల తెలుగు చదువుల గురించి గాని వ్రాయబోవడం లేదు. మొన్న శ్రీరామనవమికి ముందు వారం రోజులపాటు నా చొక్కా జేబులో నలిగిన ఒక ఉత్తరం సంగతి చెప్పుకోవాలి. ఆ ఉత్తరం వ్రాసినవాణ్ణీ నేనే, ఇయ్యలేకపోయినవాణ్ణీ నేనే.

మా వీధి భజన మేళానికి ముప్ఫయి యేళ్ళుగా మృదంగం వాయిస్తున్న పెద్దాయన ఒకరున్నారు. వీధిలో అందరికీ ఆయన మామయ్యగారే. ఈ మధ్య ఆయన చేతులు వణుకుతున్నవి. పాట ఒక దారి, తాళం ఒక దారి అవుతున్నది. ఇంతలో కాలేజీలో చదివే కుర్రవాడొకడు వచ్చి చేరాడు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడతాడు; మృదంగం ముందు కూర్చుంటే మాత్రం ఇక మాటలే వుండవు, అంత చక్కగా వాయిస్తాడు. ఈ యేడు నవమికి కుర్రవాడే వాయించాలని కమిటీవారంతా ఒక్క మాటగా అన్నారు. మరి మామయ్యగారితో చెప్పేదెవరు? అందరి చూపులూ నా మీద పడ్డవి. "నువ్వు గుమస్తావు గదా, మెత్తగా ఒక ఉత్తరం వ్రాసి పంపించవయ్యా" అన్నారు.

ఇరవై యేళ్ళుగా అటువంటి ఉత్తరాలు వ్రాయడమే గదా నా వృత్తి! "తమ సేవలను మేళం ఎన్నటికీ మరువజాలదు" అని మొదలుపెట్టి, "ఇకమీదట తమకు శ్రమ కలిగించదలచలేదు" అని ముగించాను. మనిషిని బయటికి పంపడానికి ఇంతకంటె మెత్తని వాక్యం నాకు రాదు. మా యింటావిడకు చదివి వినిపించి, నా యిబ్బంది చెప్పుకొన్నాను. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లయింది. "మన పెళ్ళి మరునాటి భజనకు వాయించింది ఆయనే" అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారమే మా మేనల్లుడు బెంగుళూరు నుంచి వచ్చాడు. వాడి చెవుల్లో ఎప్పుడూ ఇంగ్లీషు పాటలే. మాటల్లో నా ఉత్తరం సంగతి విని, "మామయ్యా, బీటిల్స్ వాళ్ళకూ ఇదే చిక్కు వచ్చింది తెలుసా?" అన్నాడు. బీటిల్స్ పేరు వినని వారుండరు. 1968లో ఋషీకేశంలో మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చిన నలుగురు ఇంగ్లీషు కుర్రవాళ్ళు. అయితే ఆ నలుగురిలో డ్రమ్ములు వాయించేవాడు మొదటినుంచి వున్నవాడు కాడని నాకు తెలియదు. తర్వాత నేనూ చదివి తెలుసుకొన్నాను.

ఇంగ్లండులో లివర్‌పూల్ ఒక రేవు పట్టణం. అక్కడ 1956లో జాన్ లెనన్ అనే బడి కుర్రవాడు తోటివారితో ఒక మేళం కట్టాడు. 1957 జూలైలో పాల్ మెకార్ట్నీతో పరిచయమైంది. 1958లో జార్జి హారిసన్ చేరాడు. డ్రమ్ములకు మాత్రం నిలకడగా ఎవరూ దొరకలేదు. 1960 ఆగస్టులో జర్మనీలోని హాంబర్గుకు కచేరీలకు వెళ్ళబోతూ పీట్ బెస్టు అనే అతణ్ణి చేర్చుకొన్నారు. ఈ పీట్ బెస్టు ఎక్కడ పుట్టాడనుకొన్నారు? 1941లో మద్రాసులో! మన గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి అప్పటికి అయిదేళ్ళే. అతని తల్లి లివర్‌పూల్‌లో తమ యింటి నేలమాళిగలో ఒక కాఫీ క్లబ్బు నడిపేది. 1959లో ఈ కుర్రవాళ్ళు అక్కడ వాయించారు కూడా.

హాంబర్గులో రాత్రివేళ గంటల తరబడి వాయించి వాళ్ళు రాటుదేలారు. బాస్ గిటారు వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ 1961లో బొమ్మలు వేసుకొంటానని అక్కడే వుండిపోయాడు. ఆ గిటారు పాల్ అందుకొన్నాడు. మరుసటి యేడు ఏప్రిల్‌లో, 21 యేళ్ళకే, మెదడులో రక్తస్రావమై స్టూవర్ట్ పోయాడు.

1962 జూన్‌లో ఇ.ఎం.ఐ. గ్రామఫోను కంపెనీలో జార్జి మార్టిన్ గారు వీళ్ళను పరీక్షించారు. డ్రమ్ములు రికార్డుకు చాలవనీ, రికార్డింగుకు వేరొకరిని పెట్టుకొంటాననీ అన్నారు. మేళం నుంచి తీసెయ్యమని మాత్రం ఆయన అనలేదు. ఆ నిర్ణయం మిగిలిన ముగ్గురిదే. ఆగస్టు 16న మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ పీట్‌ను తన ఆఫీసుకు పిలిచి, "నిన్ను మారుస్తున్నారు" అన్న కబురు చెప్పాడు. రెండేళ్ళు కలిసి వాయించిన ఆ ముగ్గురిలో ఒక్కడూ ఆ గదిలో లేడు. అది పిరికి పని అని జాన్ లెనన్ తర్వాతి కాలంలో తనే ఒప్పుకొన్నాడు.

పీట్ స్థానంలో రింగో స్టార్ వచ్చాడు. వచ్చినవాడికైనా పీట మెత్తగా లేదు. సెప్టెంబరు 11న స్టూడియోవారు డ్రమ్ములకు మరొకరిని కూర్చోబెట్టి, రింగో చేతికి గజ్జెల కంజీర యిచ్చారు! 1964 ఫిబ్రవరిలో అమెరికాలో టెలివిజన్ మీద వీళ్ళను 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఆ జూన్‌లోనే రింగోకు గొంతు జబ్బు చేస్తే జిమ్మీ నికల్ అనే అతణ్ణి కొద్ది రోజులకు తెచ్చి, కచేరీలు ఆపకుండా నడిపించారు. 1968 ఆగస్టులో రింగో తాను పరాయివాణ్ణయి పోయాననుకొని మేళం విడిచి వెళ్ళాడు. తక్కినవారు బ్రతిమాలి పిలిపించారు. రెండు వారాలకు తిరిగి వచ్చేసరికి అతని డ్రమ్ములనిండా పూలు అలంకరించి వున్నవట. 1962లో లేని బుద్ధి అప్పటికి వచ్చింది కాబోలు. 1970లో ఆ మేళమే విడిపోయింది.

మరి పీట్ బెస్టు ఏమయ్యాడు? కొన్నాళ్ళు రొట్టెల బట్టీలో సరుకు ఎత్తాడు. ఆ పైన లివర్‌పూల్‌లోనే ప్రభుత్వంవారి ఉద్యోగ కల్పన ఆఫీసులో సుమారు ఇరవై యేళ్ళు పనిచేశాడు. పని పోయినవారికి పని చూపించే ఆఫీసు అది! 1995లో, అతను వాయించిన పాత పాటలు కొన్ని రికార్డుగా వెలువడితే, వాటి రాబడిలో అతనికీ వాటా ముట్టింది. ముప్ఫయి మూడేళ్ళకు.

తోటి గుమస్తా కథ చదివినట్లే అయింది నాకు. సోమవారం ఆఫీసు నుంచి తిన్నగా మామయ్యగారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద పేపరు చూస్తున్నారు.

"మామయ్యగారూ, ఈ నవమికి కుర్రవాడి చేత వాయించాలని కమిటీ అనుకొన్నది. నేనూ అవునన్నాను" అన్నాను.

ఆయన పేపరు మడిచారు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. చాలాసేపటికి, "నాకు తెలుసులేవోయ్. ఎవరొచ్చి చెబుతారా అని చూస్తున్నాను" అన్నారు. లేచి వచ్చేస్తూంటే గుమ్మం దాకా వచ్చి, "వాడి చెయ్యి మంచిదే. మంగళహారతి దగ్గర తొందరపడతాడు, చెప్పు" అన్నారు.

ఆయన బాధపడలేదని నేను వ్రాయను. పడ్డారు. నవమినాడు మేళంలో కూర్చోలేదు, స్తంభానికి ఆనుకొని దూరంగా కూర్చున్నారు. కాని వ్రేళ్ళు తొడమీద ఆడుతూనే వున్నవి. హారతి దగ్గర కుర్రవాడు ఒక్కసారి ఆయన వంక చూసి, వేగం తగ్గించాడు.

మన పిల్లలు చదువులకూ కొలువులకూ బెంగుళూరు, హైదరాబాదు వెళ్ళక తప్పదు. పెద్దల చేతులు వణకకా తప్పదు. మేళం నిలవాలంటే మనుషులను మార్చవలసిందే. అయితే ఆ మాట ఉత్తరంలో వ్రాయకండి, మరొకరి చేత చెప్పించకండి. పక్కన కూర్చుని పాడినవారే వెళ్ళి చెప్పండి. ఉత్తరాలు వ్రాసి బ్రతికే నేను చెబుతున్నాను.

నా ఉత్తరం చించేశాను. మా మేళంలో ఇంతవరకు పాడిన, వాయించిన వారందరి పేర్లూ ఈ పత్రికలో వేయమని అడిగితే కమిటీవారు ఒప్పుకొన్నారు. పాత పేర్లు జ్ఞాపకమున్న పెద్దలు దయచేసి నాకు కబురు చేయండి. మామయ్యగారు ఇప్పటికే పదకొండు పేర్లు చెప్పారు. తన పేరు మాత్రం చెప్పలేదు. అది నేను వ్రాసుకొన్నాను.