నల్ల దుస్తులు.. నలభై ఏళ్ల ప్రేమ!

అభిమాన హీరో సినిమా వస్తోందంటే కటౌట్లు, పాలాభిషేకాలు, తెల్లవారుజామున బెనిఫిట్ షోలు.. అభిమానమంటే మనకు గుర్తొచ్చేవి ఇవే. కానీ కొన్ని అభిమానాలు చప్పుడు చెయ్యవు. గది తలుపులేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక్కళ్లే కూర్చుని పెంచుకునే అభిమానాలవి. మనిషి వయసుతోపాటు పెరుగుతాయే తప్ప తరగవు. ఇంగ్లండ్‌కు చెందిన 'ది క్యూర్' అనే రాక్ బృందం మీద దేశదేశాల్లో ఎందరో పెంచుకున్న అభిమానం సరిగ్గా అలాంటిదే.

2019 మార్చి 29. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. రాక్ సంగీతంలో చరిత్ర సృష్టించినవారికి 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటిచ్చే వేడుక. ఆ ఏడాది ఎంపికైనవారిలో క్యూర్ కూడా ఉంది. బృందాన్ని సభకు పరిచయం చేయడానికి వేదికెక్కిన వ్యక్తి ట్రెంట్ రెజ్నర్. ఆయనేమీ సామాన్యుడు కాదు. 'నైన్ ఇంచ్ నెయిల్స్' బృందాన్ని స్థాపించినవాడు, సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకున్నవాడు. అయినా ఆ రాత్రి మాట్లాడింది మాత్రం ఆ సంగీత దర్శకుడు కాదు.. పెన్సిల్వేనియాలోని ఓ చిన్న ఊళ్లో పెరిగిన కుర్రాడు!

ఇంటర్నెట్ లేని రోజులు. చుట్టూ మొక్కజొన్న చేలు. బయటి ప్రపంచం తెలియాలంటే రేడియోనే దిక్కు. ఎక్కడా ఇమడలేకపోతున్నానన్న బాధ. అలాంటి సమయంలో చేతికందింది క్యూర్ 1985లో విడుదల చేసిన 'ది హెడ్ ఆన్ ది డోర్'. ఆయన విన్న తొలి క్యూర్ ఆల్బమ్ అదే. తన బుర్రలో తిరిగే చీకటంతా స్పీకర్లలోంచి తిరిగి తనకే వినిపిస్తున్నట్టనిపించిందట. ఎవరో తనకోసమే ఈ పాటలు రాశారనుకున్నాడట. లోకంలో తాను మరీ అంత ఒంటరి కాదని మొదటిసారి తెలిసిందని చెప్పుకొచ్చాడాయన. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు గడిచాయి. పేరొచ్చింది, డబ్బొచ్చింది, అవార్డులొచ్చాయి. ఆ అభిమానం మాత్రం అలాగే ఉండిపోయింది.

కాటుక కళ్ల కుర్రాడు

ఇంతకీ ఎవరీ క్యూర్? లండన్‌కు దక్షిణాన క్రాలీ అనే పట్టణం ఉంది. అక్కడి స్కూల్లో కలిసి చదువుకున్న కుర్రాళ్లు 1970ల్లో సరదాగా పెట్టుకున్న బృందమిది. ఒక దశలో 'ఈజీ క్యూర్' అనుకున్నారు. తర్వాత ముందున్న మాట తీసేసి 'ది క్యూర్' అన్నారు. క్యూర్ అంటే నయం చేయడం. ఆ పేరు పెట్టినప్పుడు వాళ్లు ఏమనుకున్నారో కానీ, అభిమానులు మాత్రం ఆ మాటను అక్షరాలా నమ్మారు.

ఆ బృందానికి గొంతు, గిటారు, పాటల రచన అన్నీ రాబర్ట్ స్మిత్. 1959లో పుట్టాడు. గాలివానకు చెదిరిన పిచ్చుక గూడులాంటి జుట్టు, కళ్లనిండా కాటుక, పెదవులు దాటి పూసిన ఎర్ర లిప్‌స్టిక్, ఒంటిమీద నల్ల బట్టలు.. ఒకసారి చూస్తే మరచిపోలేని రూపం. తొలి ఆల్బమ్ 1979లో వచ్చింది. ఆ వెంటనే 1980, 81, 82ల్లో వచ్చిన మూడు ఆల్బమ్‌లూ ఒకదాన్ని మించి మరొకటి దిగులుగా సాగుతాయి. నెమ్మదిగా నడిచే డ్రమ్స్, గుండెల్లో మోగే బేస్ గిటార్, దూరంగా పొగమంచులోంచి పిలుస్తున్నట్టుండే గొంతు. ఇంగ్లండ్‌లో అప్పుడే 'బౌహాస్', 'సియోక్సీ అండ్ ది బాన్షీస్' లాంటి బృందాలూ ఇదే బాటలో ఉన్నాయి. ఈ తరహా సంగీతానికి స్థిరపడిన పేరు 'గోత్ రాక్'. ఆ పాటలు వినేవాళ్లు, వాటిలాగే నల్లగా ముస్తాబయ్యేవాళ్లు.. గోత్‌లు. విచిత్రమేమిటంటే తమ బృందాన్ని గోత్ అంటే స్మిత్ ఒప్పుకోడు. అభిమానులు ఆ మాటను ఇప్పటికీ వినిపించుకోరు!

దిగులు పాట ఎందుకు?

కూతురు నల్ల బట్టలేసుకుని, మొహానికి తెల్ల పౌడరు పూసుకుని, చావు గురించీ ఒంటరితనం గురించీ పాటలు వింటుంటే ఏ తల్లికైనా భయమేస్తుంది. 'ఇవి విని పిల్ల ఏమైపోతుందో' అని బెంగ పడుతుంది. కానీ ఒక్కసారి మన సంగతే చూసుకుందాం. 1953 నాటి 'దేవదాసు'లో ఘంటసాల పాడిన విషాద గీతాలు రేడియోలో వస్తే ఎంతమంది పెద్దవాళ్లు చేతిలో పని ఆపి వినలేదు? ఆ పాటలు వాళ్లను కుంగదీయలేదు. లోపల ఎక్కడో గడ్డకట్టుకుపోయిన దాన్ని కరిగించి, తేలికపరిచాయి. దిగులుగా ఉన్నవాడికి 'ఊరుకో, నవ్వు' అని చెప్పేవాడికన్నా పక్కన కూర్చుని తానూ కళ్లు తుడుచుకునేవాడే ఆత్మీయుడనిపిస్తాడు. క్యూర్ చేసిన పని అదే.

అయితే ఆ నల్ల దుస్తులకు లోకం కొన్నిసార్లు చాలా పెద్ద మూల్యం అడిగింది. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఓ ఇరవయ్యేళ్ల అమ్మాయి తన స్నేహితుడితో కలిసి పార్కులోంచి వెళ్తోంది. ఇద్దరూ గోత్‌లే. వాళ్ల వేషం నచ్చని కొందరు కుర్రాళ్లు విరుచుకుపడ్డారు. అతను బతికాడు. ఆమె రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది. ఎవరికీ ఏ హానీ చేయలేదు ఆ పిల్ల. భిన్నంగా కనిపించింది, అంతే. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. ఒక ఫౌండేషన్ పెట్టి, భిన్నంగా కనిపించేవాళ్లను ద్వేషించొద్దని బడిపిల్లలకు చెప్పించింది. చివరికి 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు గోత్‌ల మీద జరిగే ఇలాంటి దాడుల్ని కూడా విద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు. ఒక పాటను ప్రేమించడం, ఆ ప్రేమను ఒంటిమీద వేసుకుని వీధిలో నడవడం అందరికీ తేలిక కాదని గుర్తుచేసే కథ ఇది.

పెళ్లి కానుక

'అంతా ఏడుపు పాటలేనా' అంటే.. కాదు. 1988లో స్మిత్ పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయి ఎవరో కాదు, బడి రోజుల్లో మనసిచ్చిన మేరీ. ఆమెకు పెళ్లి కానుకగా ఒక పాట రాశాడు. పేరు 'లవ్‌సాంగ్'. ఎంత దూరాన ఉన్నా నీవాడినే అని భార్యకు మాటిచ్చే చిన్న పాట. అది అమెరికా పాటల జాబితాలో ఏకంగా 2వ స్థానానికి చేరింది. ఆ బృందానికి అమెరికాలో అంతకన్నా పెద్ద హిట్ మరొకటి లేదు.

ఆ పాట ఉన్న ఆల్బమ్ 1989లో వచ్చిన 'డిసింటిగ్రేషన్'. అప్పటికి స్మిత్‌కు ముప్ఫై ఏళ్లు నిండుతున్నాయి. వయసైపోతోందన్న దిగులుతో పొడవాటి, నెమ్మదైన పాటలు కట్టాడు. ఇవి ఎవరు కొంటారని రికార్డు కంపెనీవాళ్లు పెదవి విరిచారు. కొన్నవాళ్లు లక్షల్లో తేలారు! మూడేళ్ల తర్వాత 1992లో శుక్రవారం కోసం ఎదురుచూసే హుషారైన పాట 'ఫ్రైడే ఐయామ్ ఇన్ లవ్' వచ్చింది. నల్ల బట్టలవాళ్లు నవ్వించగలరని కూడా తేలిపోయింది.

అభిమాని బాధ అభిమానికే తెలుసు

అభిమానం ఒక వైపు నుంచే అయితే ఇన్నేళ్లు నిలవదు. స్మిత్ కూడా ఒకప్పుడు అభిమానే. 1972లో టీవీలో డేవిడ్ బోవీ పాడుతుంటే కళ్లార్పకుండా చూసిన పదమూడేళ్ల పిల్లాడు. పాతికేళ్లు గడిచాక 1997 జనవరిలో న్యూయార్క్‌లో బోవీ యాభయ్యో పుట్టినరోజు కచేరీలో ఆయన పక్కనే నిలబడి పాడాడు. వేదిక కింద నిలబడేవాడి మనసు ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

అందుకేనేమో.. 2013 ఏప్రిల్ 21న తన 54వ పుట్టినరోజు నాడు మెక్సికో సిటీలో నాలుగు గంటలకు పైగా, ఏకంగా 50 పాటలు పాడించాడు తన బృందంతో. 2023లో అమెరికా పర్యటనకు బయల్దేరినప్పుడు గిరాకీని బట్టి టికెట్ ధర పెంచే పద్ధతి తమకొద్దన్నాడు. కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెట్టించాడు. తీరా అభిమానులు కొనబోతే సర్వీసు చార్జీల పేరుతో మరో అంత పడుతోంది! మరొకరైతే 'నాకేం సంబంధం' అనేవారు. స్మిత్ మాత్రం ట్విట్టర్‌లో తానే అన్నీ పెద్దక్షరాలతో కోపంగా రాశాడు, టికెట్లు అమ్మే సంస్థను నిలదీశాడు. ఆ సంస్థ దిగొచ్చింది. చార్జీలు ఎక్కువేనని ఒప్పుకుని, ఒక్కో టికెట్‌కు 5 నుంచి 10 డాలర్లు వెనక్కిచ్చింది. పది డాలర్లు పెద్ద మొత్తం కాకపోవచ్చు. తమ తరఫున ఒకడు అడిగాడన్నదే అభిమానులకు ముఖ్యం.

గిటార్లు సర్దినవాడు

ఈ బృందం కథలో పెర్రీ బమోంటే సంగతి చెప్పుకోకపోతే లోటే. 1984లో అతను క్యూర్‌లో చేరింది కళాకారుడిగా కాదు. కచేరీలకు గిటార్లు సిద్ధం చేసి అందించే సహాయకుడిగా. ఆరేళ్లు తెర వెనకే ఉన్నాడు. 1990లో ఒకరు తప్పుకోవడంతో 'నువ్వే రా' అన్నారు. అలా బృందంలో సభ్యుడై 2005 దాకా వాయించాడు. తర్వాత బయటికి వెళ్లాల్సి వచ్చింది. హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకలో మాత్రం అతని పేరూ ఉంది. 2022లో మళ్లీ పిలుపొచ్చింది. పదిహేడేళ్ల తర్వాత అతను అదే వేదిక మీద అదే మనుషుల పక్కన నిలబడ్డాడు. 2025 క్రిస్మస్ రోజుల్లో, 65 ఏళ్ల వయసులో పెర్రీ కన్నుమూశాడు. ఎన్నడూ కలవని మనిషి కోసం ఎన్నో దేశాల్లో అభిమానులు సొంత బంధువు పోయినట్టు బాధపడ్డారు.

పదహారేళ్ల నిరీక్షణ

2008లో ఒక ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత కొత్తది లేదు. కచేరీలు మాత్రం ఆగలేదు. ఇదిగో అదిగో అని స్మిత్ చెప్పడం, అభిమానులు నమ్మడం, ఏడాది గడిచిపోవడం. ఇలా పదహారేళ్లు! చదువుకుంటూ ఎదురుచూపులు మొదలుపెట్టినవాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. 1980ల్లో జుట్టు చెదరగొట్టుకు తిరిగినవాళ్లలో కొందరికి చెదరగొట్టుకోవడానికి జుట్టే మిగల్లేదు.

చివరికి 2024 నవంబర్ 1న వచ్చింది 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. ఎనిమిదే పాటలు. ఈ మధ్యలో స్మిత్ తల్లిని, తండ్రిని, అన్నను పోగొట్టుకున్నాడు. అన్న కోసం కట్టిన పాట కూడా ఇందులో ఉంది. ఇరవై ఏళ్లప్పుడు ఊహించి రాసిన చావు వేరు, అరవై దాటాక ఇంట్లోకి వచ్చి చూసిన చావు వేరు. ఆ తేడా పాటల్లో తెలుస్తుంది. వినేవాళ్లకూ తెలిసింది. ఎందుకంటే వాళ్లూ ఆ వయసుకే వచ్చారు. వాళ్ల ఇళ్లలోనూ గోడల మీద దండలు పడిన ఫొటోల్లాంటి జ్ఞాపకాలున్నాయి. ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 1992 తర్వాత ఆ బృందానికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

అదే రాత్రి లండన్‌లోని ట్రాక్సీ థియేటర్లో కచేరీ. లోపలికి వెళ్లగలిగింది కొద్దిమందే. మరి మిగిలినవాళ్లు? యూట్యూబ్‌లో ప్రపంచమంతటికీ ఉచితంగా చూపించారు. దాదాపు మూడు గంటలు, 31 పాటలు. చివర్లో అందరికీ తెలిసిన ఆ శుక్రవారం పాట కూడా ఉంది. సరిగ్గా ఆరోజు కూడా శుక్రవారమే!

ఒకప్పుడు గదిలో ఒంటరిగా పాట విన్న పిల్లలు ఆ రాత్రి తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశారు. ఒక బృందం ఇంతకాలం ప్రేమ పొందడానికి గొప్ప రహస్యమేమీ లేదు. దుఃఖంలో ఉన్నప్పుడు తోడు కూర్చున్నవాళ్లను మనిషి మర్చిపోడు.. అంతే!