“అయ్యో పాపం” అంటే సరిపోతుందా?

“అయ్యో పాపం” అన్నంత చవకైన మాట మరొకటి లేదు. పైసా ఖర్చుండదు, కూర్చున్న చోటు నుంచి లేవక్కర్లేదు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటారా? అమెరికాలో డొరోతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేది. ఆవిడ కథ వినండి.

ఏడో ఏట పోలియో వచ్చి జీవితాంతం కుంటుతూ నడిచిన మనిషి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్నవాళ్ళకి ఫొటోలు తీసే స్టూడియో నడిపేది. 1930లలో దేశం ఆర్థికమాంద్యంలో పడి, జనం రొట్టెముక్క కోసం బారులు తీరితే చూసి, కెమెరా పట్టుకుని వీధిలోకి వచ్చేసింది. తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరి ఊళ్ళు తిరిగింది. 1936లో కాలిఫోర్నియాలో బఠానీ పైరు పాడై పనుల్లేక పస్తులున్న కూలీల గుడారాల దగ్గర, బిడ్డల్ని పొదువుకుని దిగులుగా చూస్తున్న ఒక తల్లిని ఫొటో తీసింది. లోకమంతా “అయ్యో పాపం” అంది. ఆ తల్లి పేరు లోకానికి తెలిసింది 1978లో!

సరే, 1942కి రండి. జపానుతో యుద్ధం వచ్చిందని అదే ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాను సంతతివాళ్ళని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టింది. వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆ తరలింపుని ఫొటోలు తియ్యమని లాంగ్‌నే నియమించింది. ఆవిడేం తీసిందో చూడండి: గుండెమీద చెయ్యి పెట్టుకుని జెండాకి ప్రమాణం చేస్తున్న బడిపిల్లలు, “నేను అమెరికన్‌ని” అని బోర్డు కట్టుకున్న కిరాణా కొట్టు. యుద్ధం ముగిసేదాకా సైన్యం ఆ ఫొటోలని తొక్కిపెట్టింది. 1965లో లాంగ్ పోయింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1988లో. ఆ ఫొటోలతో ప్రత్యేకంగా ఒక పుస్తకం వచ్చింది 2006లో.

తేడా గమనించారా? ఆ తల్లిని చూస్తే జాలేస్తుంది. జాలిపడితే మనం మంచివాళ్ళమనిపిస్తుంది. ఆ కొట్టుని చూస్తే “ఎవరు చేశారీ పని?” అని అడగాల్సొస్తుంది. అందుకే మొదటిది గోడకెక్కింది, రెండోది బీరువాలోకి వెళ్ళింది.

“ఒకళ్ళ కష్టాన్ని ఫొటో తీసి పేరు తెచ్చుకోవడమేమిటి?” అనేవాళ్ళున్నారు. ఆ తల్లి పేరైనా అడగకపోవడం లాంగ్ తప్పే, కాదనను. కానీ చూపించడం ఫొటో పని. అడగడం చూసినవాళ్ళ పని. ఆ పని మనం ఎగ్గొట్టి, తీసినవాళ్ళని తిట్టిపోస్తే ఎలాగమ్మా?

రేపు పేపర్లో కూలిన గుడిసె ముందు కూర్చున్న ఆడమనిషి ఫొటో పడుతుంది. “అయ్యో పాపం” అనండి, వద్దనను. పేజీ తిప్పేముందు మాత్రం ఒక్కటడగండి: ఆవిడ పేరేమిటి, ఆ గుడిసె కూల్చిందెవరు?