పసిబిడ్డతో పల్లె బస: ఏసీ కాదు, ఇవి అడగండి

సెలవులు రాగానే విదేశాల నుంచో, బెంగళూరు నుంచో పిల్లలు దిగుతారు. అందరం కలిసి హార్స్‌లీ కొండకో, పుంగనూరు, కుప్పం వైపు ఏదైనా తోటలోని చిన్న బసకో వెళ్దామంటారు. వాదన అక్కడే మొదలవుతుంది. ‘ఏడాది నిండని బిడ్డతో అలాంటి చోటికా?’ అని పెద్దవాళ్లు. ‘గాలి మంచిది, ఏమీ కాదు’ అని కుర్రవాళ్లు. నన్నడిగితే ఇద్దరి మాటా సగమే నిజం.

మదనపల్లె గాలికి పేరున్న మాట వాస్తవమే. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో గాలిని, విశ్రాంతిని, మంచి తిండిని నమ్ముకునే 1915లో ఆరోగ్యవరం శానటోరియం ఏర్పడింది. కానీ పసివాళ్లను పడగొట్టే విరేచనాలకు మంచి గాలి అడ్డుపడదు. అవి ఎక్కువగా నీళ్లు, చేతులు, పాలసీసాల ద్వారా వస్తాయి.

నిరుడు వేసవిలో ఎనిమిది నెలల మనవరాలితో ఓ తోటింట్లో రెండు రాత్రులు ఉన్నాం. రెండు గదులు, ఒక వసారా, ఒక ఫ్యాను. అంతే. పాపకు అక్కడ ఏ లోటూ కలగలేదు. అప్పటికప్పుడు కాచిన రాగిజావ, మెత్తగా చిదిమిన వేడి ఇడ్లీ కడుపునిండా తింది. పెద్ద హోటల్లో గంటల తరబడి మూతల కింద ఉన్న పదార్థాల కన్నా ఇదే నయం. తప్పు మేమే చేశాం. పాలసీసాను కుళాయి నీళ్లతో కడిగి ఊరుకున్నాం. మూడోరోజు పొద్దునకల్లా పాపకు నీళ్ల విరేచనాలు. కారణం అదేనని రుజువు చూపలేను కానీ, నా అనుమానం ఇప్పటికీ సీసా మీదే. సంచిలో ఓఆర్‌ఎస్‌ ఉంది, తల్లిపాలు ఆపలేదు. గట్టెక్కాం.

అందుకే గది తీసుకునే ముందు ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాదు, ఇవి అడగండి. తాగే నీళ్లు ఎక్కడివి? మాకోసం మరిగించి ఇస్తారా? మంచానికి దోమతెర కట్టుకునే వీలుందా? రాత్రిపూట వాహనం దొరుకుతుందా? ఫోను పనిచేస్తుందా? పిల్లల డాక్టరున్న ఆసుపత్రి ఎంత దూరం? కుప్పంలోనైతే వైద్య కళాశాల ఆసుపత్రే ఉంది. హార్స్‌లీ కొండ మీద నుంచి మదనపల్లెకు రావాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. కొండ 1,200 మీటర్లకు పైగా ఎత్తు కాబట్టి రాత్రిళ్లు చలి వేస్తుంది. వేసవి కదా అని పల్చని చొక్కాలతో బయల్దేరకండి.

దోమలకని మూసిన గదిలో కాయిల్ వెలిగించవద్దు. వంటగదిలో కట్టెల పొయ్యి ఉంటే ఆ పొగకు బిడ్డను దూరంగా ఉంచండి. పాలసీసాకు బదులు మన ఉగ్గుగిన్నె, చెంచా తీసుకెళ్లండి. మూలమూలలా కడగొచ్చు, నీళ్లలో వేసి మరిగించొచ్చు. పాలసీసాల ప్రచారాన్ని మన దేశం 1992లోనే చట్టం చేసి నిషేధించిందని ఎంతమందికి తెలుసు?

ఇక ఆప్యాయత సంగతి. పుంగనూరు పొట్టి ఆవు పాలు చిక్కనివని, బిడ్డకు బలమని ఆ ఇంటామె గ్లాసుతో తెచ్చి ఇస్తుంది. నోట్లో తేనె చుక్క వేయమంటుంది. నవ్వుతూనే వద్దనండి. ఏడాదిలోపు బిడ్డకు తాగడానికి ఆవుపాలు పట్టకూడదు. తేనె అసలే కూడదు. ఆరు నెలలలోపు బిడ్డకైతే తల్లిపాలే చాలు, ఎండాకాలంలోనూ విడిగా నీళ్లక్కర్లేదు.

విరేచనాలు పట్టుకుంటే లీటరు పట్టే ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్టును కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పూర్తిగా కలపండి. సగం ప్యాకెట్టు, గ్లాసుడు నీళ్లు అనే లెక్క ప్రమాదం. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. డాక్టరును అడిగి జింక్ మొదలుపెట్టండి. బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికే.

ఇన్ని చెప్పింది భయపెట్టడానికి కాదు. బిడ్డ పుట్టిందని తల్లిని ఏడాదిపాటు నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం ఆరోగ్యమేమీ కాదు. ఆమెకూ గాలి మారాలి, నలుగురి మధ్య నవ్వాలి. బస సాదాగా ఉంటే నష్టం లేదు. మన జాగ్రత్త సాదాగా ఉంటేనే నష్టం. సంచి సరిగ్గా సర్దుకోండి, బయల్దేరండి.