భాన్‌గఢ్ బోర్డులో దెయ్యం పేరు లేదు

దెయ్యాలున్నాయని పేరుబడ్డ చోట్లకు పనిగట్టుకొని పోయి రావడం ఇప్పుడొక సరదా అయింది. మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాల మీద ఢిల్లీ వైపు పోయిన అన్నలు కొందరు రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటకు వెళ్ళి, సెల్‌ఫోన్‌లో వీడియోలు తీసి పంపుతున్నారు. అవి చూసిన రాత్రి ఆరో తరగతి తమ్ముళ్ళు నలుగురు కలిస్తే తప్ప బాత్రూం వైపు అడుగు వేయరు. పోవద్దని మేము అనం. చూడదగిన కోటే. కాని అక్కడికి పోయినవాళ్ళు చూడాల్సింది చూడకుండానే తిరిగి వస్తున్నారని మా అభిప్రాయం.

ముందు కథ చెప్పుకుందాం, ఎందుకంటే కథ బాగుంటుంది. భాన్‌గఢ్ రాకుమారి రత్నావతి గొప్ప అందగత్తె. ఒక మాంత్రికుడు ఆమె మీద మనసుపడి, ఆమె కోసం కొన్న అత్తరుకు మంత్రం వేశాడు. ఆమె కనిపెట్టి ఆ అత్తరును ఒక బండరాయి మీద పోసింది. బండ దొర్లుకుంటూ పోయి మాంత్రికుడినే నలిపేసింది. వాడు చస్తూ చస్తూ ఊరు నాశనం కావాలని శపించాడు. ఇంకో కథ కూడా ఉంది. బాలూనాథ్ అనే సాధువు తాను తపస్సు చేసుకునే చోట కోట నీడ పడకూడదని షరతు పెట్టాడట. తర్వాత వచ్చిన రాజు కోట ఎత్తు పెంచేసరికి నీడ పడింది, ఊరు పాడైంది. ఒక్క ఊరు రెండు శాపాలతో ఎట్లా పోయిందని మా గదిలో ఒకరు అడిగితే, రెండూ కలిసి పనిచేసి ఉంటాయని ఇంకొకరు జవాబిచ్చారు!

ఇక బోర్డు సంగతి. ప్రభుత్వమే దెయ్యాలున్నాయని ఒప్పుకుందంటూ వీడియోల వాళ్ళు చూపేది కోట దగ్గర పురావస్తు శాఖ పెట్టిన బోర్డునే. అందులో దెయ్యం అన్న మాటే లేదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు లోపలికి రాకూడదని ఉంది. 1959 నాటి నిబంధనల ప్రకారం దేశంలోని రక్షిత కట్టడాలలో చాలావాటికి ఇదే నియమం. పైగా ఆ కోట సరిస్కా పులుల అడవి అంచున ఉంది. చీకటిపడ్డాక చిరుతలు తిరిగే చోటు. అయితే బోర్డులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. పశువులు కాచేవాళ్ళు, కట్టెలు కొట్టేవాళ్ళు హద్దులోకి వస్తే చట్టప్రకారం చర్య తీసుకుంటారట. ఆ హెచ్చరిక ఎవరికో అర్థమైంది కదా మిత్రులారా? మన అమ్మానాన్నల వంటి వాళ్ళకు.

చరిత్ర కూడా కొంచెం చూద్దాం. భాన్‌గఢ్‌ను ఆమేర్ వంశం వారు 1573లో కట్టించారు. అక్బర్ సేనాని మాన్‌సింగ్ తమ్ముడు మాధోసింగ్ దాన్ని రాజధానిగా చేసుకున్నాడు. 1720లో అది సవాయి జైసింగ్ చేతిలోకి పోయింది. 1783లో పెద్ద కరువు వచ్చింది. విక్రమ శకం 1840లో వచ్చింది కనుక జనం దాన్ని చాలీసా కరువు అన్నారు, అంటే నలభై నాటి కరువు. ఆ కరువు తర్వాత ఊరు ఖాళీ అయింది. ఆకలికి ఊరు విడిచిపోయిన వాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఏ శాపం కథలోనూ లేదు. రాకుమారికి పేరుంది, మాంత్రికుడికి పేరుంది, సాధువుకు పేరుంది.

మా పాలమూరు పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయికి, పూనాకు పోయిన కుటుంబాల ఇండ్లు మన వాడల్లో ఎన్ని చూడలేదు? మూడు వానలకు కప్పు కూలుతుంది. నాలుగో ఏడు మొండిగోడల మధ్య తుమ్మ మొలుస్తుంది. ఐదో ఏడు పిల్లలు ఆ ఇంట్ల దయ్యముంది అంటారు. భాన్‌గఢ్‌లో శాపం వల్లనే ఇండ్లకు కప్పు నిలవదని చెబుతారు. మనుషులు లేని ఇంటికి కప్పు ఎక్కడ నిలిచింది? జైసల్మేర్ దగ్గరి కుల్‌ధరా గ్రామానిదీ ఇదే తీరు. దివాన్ సాలింసింగ్ ఆగడాలకు పాలీవాల్‌లు ఒక్క రాత్రిలో శపించి పోయారని కథ. నీళ్ళు తగ్గి, పంటలు తగ్గి, జనం తగ్గారని పరిశోధించినవాళ్ళు అంటారు.

అదే రాజస్థాన్‌లో దెయ్యానికి ఇంకో ముఖం ఉంది. పల్లెల్లో దిక్కులేని ఆడవాళ్ళ మీద డాకన్ అని, అంటే మంత్రగత్తె అని ముద్రవేసి హింసించే ఆచారం ఉండేది. మేవాడ్ సంస్థానం 1853లోనే దాన్ని నిషేధించింది. అయినా ఆగక 2015లో రాజస్థాన్ ప్రభుత్వం మళ్ళీ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. కోటలో దెయ్యముందంటే కార్లు వేసుకొని వస్తారు. గుడిసెలో ఉందంటే కట్టెలు పట్టుకొని వస్తారు. మన దగ్గర మాత్రం ఏం తక్కువ? బాణామతి, చేతబడి అనుమానంతో ముసలివాళ్ళను చెట్టుకు కట్టి కొట్టిన వార్తలు, పళ్ళు ఊడగొట్టిన వార్తలు మనం పేపర్లో చదివినవే. దెబ్బలు తిన్నవాళ్ళలో మన వాడల వాళ్ళున్నారు. రాత్రి లైట్లు ఆర్పి సరదాగా చెప్పే కథ, పల్లెలో ఎవరి మీద పడుతుందో సీనియర్లు ఒక్కసారి ఆలోచించాలి.

మన హాస్టల్ వెనుక చింతచెట్టు మీద కూడా ఒక దెయ్యం ఉన్నదని ప్రతి బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌కు అప్పజెప్పి పోతుంది. ఆ చెట్టు పక్క స్తంభానికి బల్బు లేదు. బల్బు వెలిగినన్ని రోజులు దెయ్యం కనబడిందని ఎవరూ చెప్పగా మేము వినలేదు. ఈ వార్షికోత్సవానికి వచ్చే అన్నలు బీరువాలు, షీల్డులు ఇస్తామంటున్నారు, సంతోషం. దానితోపాటు ఒక మంచి లైటు, బాత్రూంల దాకా నాలుగు బండలు వేయిస్తే తమ్ముళ్ళు రాత్రిపూట ఒంటరిగా పోగలుగుతారు.

ఈసారి భాన్‌గఢ్ పోయేవాళ్ళకు మా కోరిక ఒక్కటే. పొద్దున్నే పోండి. గోపీనాథ్ గుడి, సోమేశ్వర్ గుడి తప్పక చూడండి. కోటలోకి పోయే దారికి రెండు పక్కలా కప్పులేని అంగళ్ళ వరుస ఉంటుంది, అక్కడ ఆగి ఫోటోలు తీయండి. బోర్డును కింది వరుస దాకా స్పష్టంగా తీసి పంపండి, మన గోడపత్రికలో అంటిస్తాం. రాత్రి వీడియోలు మాత్రం వద్దు, ఎట్లాగూ లోపలికి రానివ్వరు.