పట్టునూలువారి భాష - లిపివివాదము

మందసోర్ శాసనము సంస్కృతాధ్యాపకులకు సుపరిచితము. లాటదేశమునుండి దశపురమునకు వలసవచ్చిన పట్టుసాలెల శ్రేణి క్రీ.శ. 437 ప్రాంతమున సూర్యాలయమును నిర్మించినట్లును, 473 ప్రాంతమున దాని నుద్ధరించినట్లును వత్సభట్టి కావ్యశైలిలో వర్ణించెను. శ్రేణిలో కొందరు మగ్గము విడిచి ధనుర్విద్యను, జ్యోతిషమును ఆశ్రయించిరనియు నందే కలదు. వారి యింటిపలుకునకు మాత్రమందు జాడ లేదు.

మధురై సౌరాష్ట్రులు ఆ శ్రేణి సంతతివారేయను విశ్వాసము వారిలో కలదు. దానిని నిరూపించుట దుష్కరము. ఘూర్జరప్రాంతమునుండి బయలుదేరి, విజయనగరరాజ్యమున నివసించి, పిదప తమిళదేశము చేరిరనుట బహుజనాంగీకృతము. వారిది ఆర్యభాష; అయినను అందు తెలుగు మాటలు మెండు. త్యాగరాజశిష్యుడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు ఈ సమాజమువాడే. ఆయన తెలుగున, సంస్కృతమున రచించి, సౌరాష్ట్రమును సైతము విడువలేదు. నేటివారికి బడిభాషయు బజారుభాషయు తమిళమే. 2011 జనాభా లెక్కలలో దీనిని మాతృభాషగా చెప్పుకొన్నవారు రెండున్నర లక్షలకు సమీపమున నుండిరి. ఆ సంఖ్యయు గుజరాతీ క్రింద చేరిపోయినది.

ఇట్టి స్థితిలో ఆ సమాజమున విద్వాంసుల శ్రమ యధికభాగము లిపివివాదమునకే వ్యయమగుట శోచనీయము. స్వీయలిపియా, దేవనాగరియా, తమిళలిపియా? స్వీయలిపికి 2008లో యూనికోడ్‌లో స్థానము లభించినది, సంతోషమే. మ్హ, న్హ, ల్హ వంటి ధ్వనులకు అందు ప్రత్యేకచిహ్నము కలదు. తమిళలిపిలో ఆ సౌకర్యము లేదనుటయు నిజమే. కాని సంస్కృతము గ్రంథలిపిలో, తెలుగులో, నాగరిలో, మలయాళములో వ్రాయబడియు చెడలేదు. దానిని నిలిపినది గురుముఖమున జరిగిన అధ్యయనము. సౌరాష్ట్రమునకు గురుస్థానము తల్లిది. ఆమె బిడ్డతో తమిళమున మాటాడ నారంభించిన యింట ఏ లిపి ముద్రించినను చదువువా డుండడు.

మరియొక మాట. తెలుగు పదములను పరకీయములని యేరివేయుట భాషాశుద్ధి యనిపించుకొనదు. ఆ పదములే వారి ప్రయాణమునకు సాక్ష్యములు. శాసనములు చెప్పని మజిలీలను అవి చెప్పగలవు. మన తెలుగునాట వాడుక తప్పిన రూపములును కొన్ని అందు దాగియుండవచ్చును. నొరిహికో ఉచిదా అను జపాను పండితుడు 1990లోనే సౌరాష్ట్ర-ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. దానిని ముందుంచుకొని తెలుగు పదములను వేరుచేసి, మధురై, పరమకుడి, కుంభకోణము, సేలము ఊళ్ల వృద్ధులనడిగి సరిచూచు పని ప్రాచ్యకళాశాలలది కాక మరెవ్వరిది? ఉభయభాషలు తెలిసిన విద్యార్థి యొకడు దీనికి చాలును. మగ్గపు పనిముట్ల పేర్లతో నారంభించుట మేలు. మగ్గము లేచిపోయిన యింట ముందుగా మరపునకు వచ్చునవి ఆ మాటలే.